కర్పూరం ఆర్పే చెయ్యి

ముఖ్య అతిథిగారు నక్కపల్లి నుంచి బయలుదేరారు, ఇంకో గంటలో మన మధ్య ఉంటారు అని మైకులో చెప్పారు. అప్పట్నుంచీ సింహాద్రమ్మ వేదిక మీద, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలో, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. గంట పట్టనీ, దారిలో చెరుకు ట్రాక్టర్లు అడ్డంపడితే ఇంకా ఎక్కువే పట్టనీ, ఆమెకేం తొందర లేదు. బ్యాగులో కళ్లజోడు ఉంది, బస్సుకు చిల్లర ఉంది, అడుగున చేతిరుమాలులో చుట్టిన అగ్గిపెట్టె, కర్పూరం బిళ్ళలు ఉన్నాయి. వాసన బయటికొస్తోందేమోనని ఒకసారి తల వంచి చూసుకుంది. అబ్బే, హాలు వెనకాల పులిహోరకు పెట్టిన ఇంగువ పోపు ముందు ఏ వాసనా నిలిచేలా లేదు. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ ఫ్యాను గాలికి టపటపలాడుతూ వీపుకి తగులుతోంది. దాని మీద ఆమె ఫొటో, మొహానికి ఎవరో కంప్యూటర్లో రంగు పూసి తెల్లగా చేశారు, పెళ్లినాడు కూడా అంత తెలుపు లేదామె. ఫొటో కింద పెద్ద అక్షరాలు, కొండదారి సేవా సంఘం, మహిళా సంఘాల ఆర్గనైజర్ శ్రీమతి సింహాద్రమ్మ గారి స్వచ్ఛంద పదవీ విరమణ సన్మాన సభ. స్వచ్ఛంద. ఆ మాట ఒక్కటీ ఎర్ర రంగులో వేయించారు. లోపలికి వస్తున్నప్పుడు చదివి, కాలు గుమ్మంలోనే ఆగిపోయి, మళ్ళీ తనే కదిపి లోపలికొచ్చింది. ఇష్టపడి పోతోందట, ఎవరూ పొమ్మనకపోయినా పోతోందట. రాయించు నాయనా రాయించు, ఇంకా పెద్ద అక్షరాలతో రాయించాల్సింది అనుకుంది.

పక్క కుర్చీలో సెక్రటరీ గణేశ్వరరావుగారు కాలు మీద కాలు వేసుకుని, ఎవరు గుమ్మంలోకి వచ్చినా చెయ్యెత్తి రండి రండి అంటున్నారు. ఇస్త్రీ ఖద్దరు చొక్కా, డెబ్బై ఏళ్లొచ్చినా నల్లగా నిగనిగలాడే జుట్టు. సంఘం పెట్టినప్పుడు ఆయనా, ఆమె, ఒక సైకిలు, అంతే. ఆ సైకిలు మీద గొలుగొండ దాటి, అక్కడ్నుంచి నడిచి కొండెక్కి, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను పోగుచేసి, చింతపండు, జీడిపిక్కలు దళారీకి కాకుండా నేరుగా అమ్ముకోవడం నేర్పారు. నేర్పింది ఎవరు? ఆయన మాట్లాడేవారు, ఆమె రాత్రి వాళ్లతో పాటు అంబలి తాగి వాళ్ల పక్కన పడుకునేది, తెల్లారేసరికి వాళ్లు ఒప్పుకునేవారు. జీతం పెంచమని ఎప్పుడైనా నోరు తెరిస్తే, ఇది ఉద్యోగం కాదు సింహాద్రమ్మా, సేవ, సేవకు జీతమేమిటి అనేవారు. నిజమే కాబోలు అనుకుని సిగ్గుపడి ఊరుకునేది. మొన్నటికి మొన్న రిటైర్మెంటు అరవై నుంచి యాభై ఎనిమిదికి దించాం, నీకు వర్తిస్తుంది అన్నప్పుడు, మీకు డెబ్బై కదా సార్ అని అడిగింది, నిజంగా తెలియకే అడిగింది. ఆయన నవ్వారు. నాది ఉద్యోగం కాదుగా సింహాద్రమ్మా, సేవకు వయసేమిటి అన్నారు. అప్పుడు ఆమెకు కోపం రాలేదు, ఎందుకో మరి. ఇంటికెళ్లి, పొయ్యి వెలిగించి, గిన్నెలో నీళ్లు మరిగి మరిగి అడుగంటే దాకా చూస్తూ కూర్చున్నాక వచ్చింది. అప్పుడు వచ్చిన కోపం మళ్ళీ పోలేదు. పొద్దున్న లేస్తే ముందు అదే లేస్తోంది.

మిగతా వాళ్లంతా కొత్తగా చేరిన కుర్రాళ్లు, ఏడాది ఏడాది కాగితాల మీద పనిచేసేవాళ్లు. ఆ రూలు సంఘం మొత్తానికి అని చెప్పారు గాని, దాని కింద పడేది ఆమె ఒక్కతే. ఆమె చోటులోకి వచ్చిన సాయిప్రియ అదిగో మెట్ల దగ్గర దండలు సర్దుతోంది, సెక్రటరీగారి మేనకోడలు, విశాఖలో చదివింది, మంచిపిల్లే. ఆంటీ, కొండ ఎక్కాలంటే ఏ చెప్పులు వేసుకోవాలి అని మొన్న అడిగింది. చెప్పులు చేత్తో పట్టుకోవాలమ్మా అంది సింహాద్రమ్మ. ఆ పిల్ల మీద కక్ష లేదు. ఉందేమోనని వెతికి మరీ చూసుకుంది, లేదు. ఉన్న కక్షంతా ఒకచోటే ఉంది, ఈ పక్క కుర్చీలో, మోకాలు ఊపుతూ.

హాల్లో ముందు రెండు వరుసలు ఊళ్లో పెద్దలకు వదిలి, వెనకంతా కొండ మీద నుంచి జీపుల్లో దించిన ఆడవాళ్లను కూర్చోబెట్టారు. పసుపు రాసిన మొహాలు, ముక్కులకు మూడేసి ముక్కుపుడకలు, ఒళ్లో పిల్లలు. అందరూ తెలిసినవాళ్లే. ఎవరికి ఏ కాన్పు ఎంత కష్టమైందో తెలుసు. ఒక్కరు కూడా ఆమె వైపు నేరుగా చూడటం లేదు. సోమలమ్మ అయితే పిల్లర్ చాటుకు జరిగి కూర్చుంది. ఆ సోమలమ్మే పోయిన సంతలో కనబడినప్పుడు, నవ్వలేదు, చెయ్యి పట్టుకోలేదు, అడవిలో ఏరిన అడ్డపిక్కల బుట్ట దించకుండా నిలబడే అడిగింది. "ఏటమ్మా, మాతో ఇసిగిపోనావంట గదా. ఇంక కొండెక్కలేను, నన్నొగ్గీండని నువ్వే సెప్పినావంట. ఒక్క మాట మాతో అంటే మేమేటి వొద్దంటామా?" ఎవరు చెప్పారే అంటే, సారే వచ్చి మీటింగు పెట్టి చెప్పినారు, నీ కోసం ఎంతో బతిమాలినారంట, నువ్వు విన్లేదంట అంది. సింహాద్రమ్మ నోరు తెరిచి, ఏదో అనబోయి, సంత మధ్యలో కళ్లెంబడి నీళ్లొస్తాయేమోనని మూసుకుంది. అలా మూసుకోవడంతో అది నిజమైపోయింది. ఉద్యోగం పోతే పోయింది, జీడితోటలో పిక్కలేరుకుని బతకొచ్చు. కానీ ఈ ఆడవాళ్ల నోట తన పేరు అలా నిలబడిపోతుందా, విసిగి వదిలేసి పోయిందని, కాన్పులప్పుడు చెయ్యి పట్టుకున్న మనిషి చివరికి చెయ్యి విదిలించుకుందని? దీనికి పగ తీర్చుకోవాల్సిందే. అన్నం సయించకుండా చేసింది ఈ ఒక్క మాటే.

కోర్టు దగ్గర ప్లీడరుగారు మంచివాడే, ఫీజు కూడా అడగలేదు. అమ్మా, ఇలా నడుమంతరాన రూలు మార్చి తీసెయ్యకూడదు, కేసు వేస్తే నెగ్గుతావు, కాకపోతే తీర్పొచ్చేసరికి నీకు ఎలాగూ అరవై దాటిపోతుంది అన్నాడు. ఆ మాటకు ఆయనే నవ్వాడు, తర్వాత సారీ అన్నాడు. మొగుడు తాతబ్బాయి తోటలో కంచె కడుతూ తల ఎత్తకుండా, "పోనీయెహె. ఇంటికాడుండు. ఎంతకాలమని తిరుగుతావు?" అన్నాడు. ఆయనకేం తెలుసు. ఆయనతో కాపురం చేసింది తక్కువ, కొండలతో చేసింది ఎక్కువ. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, ఆయనకీ తెలుసనుకుంటుంది. పోనీ ఇక్కడే మైకు పట్టుకుని, నేను పోలేదర్రా, ఈయనే గెంటేశాడు అని అరిస్తే? ఆయన నొచ్చుకున్నట్టు మొహం పెడతారు. పాపం, పెద్దావిడ, మనసు బాగాలేదు, క్షమించండి అంటారు. ఆ గొంతు ఆమెకు తెలుసు, ఆ గొంతుతోనే కదా సంఘం కట్టింది. జనం ఆయన్నే నమ్ముతారు. కమిటీ నిర్ణయమమ్మా, నేను నీ తరఫునే మాట్లాడాను, నా చేతుల్లో ఏముంది అని ఇప్పటికి ఎన్నిసార్లన్నారో. తల తడిమి మరీ అన్నారు. ఆ తడిమినచోట ఇంకా ఏదో పాకుతున్నట్టుంటుంది.

అబద్ధమని ఆమెకు తెలుసు. ఊహించి కాదు, నికరంగా తెలుసు. చెప్పింది ఆయన భార్య వరలక్ష్మమ్మగారు. ఒక మధ్యాహ్నం పనసతొనలు గిన్నెలో పెట్టుకుని, ఆటో దిగి, గుమ్మంలో చెప్పులు విప్పుకుంటూనే ఏడ్చింది. "కమిటీ మీటింగు మా ఇంట్లోనే అయింది సింహాద్రీ. కాఫీలు ఇస్తున్నాను. వాళ్లెవరూ నీ ఊసే ఎత్తలేదు. ఈయనే, ఈయనే తెచ్చారు మాట. సాయిప్రియకి చోటు కావాలి, ఆవిణ్ణి పంపించాలంటే వయసు తగ్గించాలి అని. నేను లోపలికి పిలిచి తప్పండీ అన్నాను, కసిరారు." అంతా చెప్పి, కళ్లు తుడుచుకుని, చెయ్యి చాపింది. నా నోట విన్నానని ఎవరితోనూ అనకు, నా మీద ఒట్టు అంది. సింహాద్రమ్మ ఆ చేతిలో చెయ్యి వేసింది. ఎందుకు వేసిందో, పనసతొనల జిగురు వేళ్లకు అంటుకున్నట్టు ఆ ఒట్టు అంటుకుపోయింది. ఎంతమంది ముందు ఎన్ని మాటలు అనాలనిపించినా అక్కడికొచ్చి ఆగిపోయేది. మాట తప్పదు ఆమె, ఎన్ని పోయినా అదొకటి ఉండనీ. కానీ మాట తప్పకుండానే దారి దొరికింది, తనంతట దొరికింది, ఒక సాయంత్రం దేవుడి గూటిలో హారతి వెలిగిస్తుంటే.

జోగులు గుర్తొచ్చాడు. జోగులూ, వాడి తమ్ముడూ జీడిచెట్ల సరిహద్దు మీద కత్తులదాకా వచ్చినప్పుడు సంఘమే తీర్పు చెప్పింది. తీర్పంటే ఏమీ లేదు, సార్ మంచం మీద కూర్చుంటారు, సింహాద్రమ్మ పళ్ళెంలో కర్పూరం వెలిగించి పట్టుకుంటుంది, నిజమన్నవాడు ఆ మాట చెప్పి అరచేత్తో దాన్ని ఆర్పాలి. తప్పుడు మాట మీద కర్పూరం ఆర్పినవాడి ఇంట్లో పసిబిడ్డ నిలవదని ఆ కొండల్లో నమ్మకం, కింద కోటవురట్ల దాకా కూడా అదే నమ్మకం. జోగులు మంట దాకా చెయ్యి తెచ్చాడు. గుడిసె గుమ్మంలో పెళ్లాం బిడ్డను చంకనేసుకుని చూస్తోంది. చెయ్యి వెనక్కి లాక్కుని, నాదే తప్పు, తమ్ముడివే ఆ సెట్లు అనేశాడు. కొండంతా సార్‌కి దండం పెట్టింది. అలా ఎన్ని తగాదాలు, ఎన్ని పళ్ళేలు, ఆమె వేళ్ల చివర్లు ఇప్పటికీ ఆ వేడికి మొద్దుబారి ఉంటాయి. పోలీసు లేకుండా తగవులు తీర్చే గణేశ్వరరావుగారని పేపర్లో ఫొటో కూడా వేశారు. ఆ రోజు తిరిగి వస్తూ జీపులో ఆయన పడీ పడీ నవ్వారు. "చూశావా? దీని ముందు హైకోర్టు దేనికి? ఆర్పేస్తే ఏమవుతుంది చెప్పు, చెయ్యి కాస్త చురుక్కుమంటుంది, అంతే!" ఆయన నమ్మరు. అది ఆమెకు బాగా తెలుసు. పళ్ళెం ఇప్పుడు ఆయన ముందు పెడితే నవ్వుతూ ఆర్పేస్తారు, జనం ఆయనకు ఇంకోసారి దండం పెడతారు, ఆమె అబద్ధాలకోరుగా బస్సెక్కుతుంది. వద్దనడానికి మాత్రం లేదు, ఇంతమంది చేత ఆర్పించినవాడు తన వంతు వచ్చేసరికి ఇదంతా మూఢనమ్మకమని ఎలా అంటాడు? ఆర్పుతాడు. చెయ్యి చాపుతాడు. అక్కడే ఆయన మర్చిపోయే సంగతి ఒకటుంది.

ముందు వరుసలో, పట్టుచీరలో, ఒళ్లో ఇత్తడి పళ్ళెం పెట్టుకుని వరలక్ష్మమ్మగారు కూర్చుంది. పళ్ళెంలో చీర, జాకెట్టు గుడ్డ, కుంకుమభరిణె, అరటిపళ్లు. ఆడమనిషికి సన్మానమైతే శాలువా మగవాళ్లు కప్పరు, సెక్రటరీగారి భార్య వచ్చి బొట్టు పెట్టి చీర పెట్టాలి, ఈ సంఘంలో అది మొదట్నుంచీ ఉన్న పద్ధతి. ఆ పద్ధతి లేకపోతే ఆవిడ ఇవాళ ఇక్కడ ఉండేదే కాదు, ఇంట్లో పురిటి కూతురు ఉంది. పెళ్లైన పదేళ్లకు ఆ కూతురికి కలిగిన బిడ్డ. ఉపమాక కొండ మెట్లు మోకాళ్ల మీద ఎక్కి మొక్కు తీర్చుకుంది ఈవిడ, బారసాల నాడు సింహాద్రమ్మే ఉయ్యాల ఊపింది. పిల్లాడి పిడికిలి ఆమె చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. ఆ వేలే ఇప్పుడు బ్యాగు జిప్పు మీద ఉంది. ఛీ, పసిగుడ్డు, వాడేం చేశాడు. తప్పు కాదా ఇది? వాడికేమీ కాదు, ఏమీ కాదు, ఆవిడ ఆర్పనివ్వదు. ఆర్పనిస్తే? ఆర్పనివ్వదు. పనసతొనలు తెచ్చిన మనిషి మెడకు తాడు వేసి లాగడం కాదూ ఇది, నీకు జరిగిన తప్పు తెలిసి ఏడవడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషిని? అవును, అదే. అయినా నేను అనడం లేదుగా, ఒట్టు నిలబెట్టుకుంటున్నానుగా. ఇలా ఆమె తనతో తాను వాదించుకుంటూ, నెగ్గుతూ, నెగ్గిన ప్రతిసారీ నోరు చేదవుతుంటే మింగుతూ కూర్చుంది. వరలక్ష్మమ్మగారు తల ఎత్తి ఆమెను చూసి నవ్వింది. సింహాద్రమ్మ కూడా నవ్వింది.

మైకు కీచుమంది. ముఖ్య అతిథిగారికి మరో అర్జెంటు కార్యక్రమం తగిలినందున రాలేకపోతున్నారని, మనం ప్రారంభించుకుందామని చెప్పారు. గణేశ్వరరావుగారు లేచి మాట్లాడారు, సైకిలు గురించి చెప్పారు, కళ్లు ఒత్తుకున్నారు. "ఎంత బతిమాలినా, ఇక చాలు సార్, అలసిపోయాను అంది. ఆమె నిర్ణయాన్ని గౌరవించాం" అన్నారు. వెనక వరుసల్లో సోమలమ్మ తల దించుకుంది. ఆ దించుకోవడం చూశాక సింహాద్రమ్మ లోపల మిగిలిన కాస్త బెరుకు కూడా పోయింది. వరలక్ష్మమ్మగారు మెట్లెక్కి వచ్చి బొట్టు పెట్టింది, చీర చేతుల్లో పెట్టి, చెవి దగ్గర మెల్లగా, నన్ను క్షమించు సింహాద్రీ అంది. పళ్ళెం ఒక్క నిమిషం ఇలా ఇవ్వండమ్మగారూ అంది సింహాద్రమ్మ. చీర కుర్చీలో పెట్టింది. పళ్లూ భరిణె తీసి పక్కన పెట్టింది. జిప్పు లాగి, కర్పూరం పళ్ళెంలో పోసి, అగ్గిపుల్ల గీసింది. కొండ మీద చేసే పనే కదా.

వాసన హాలు చివరిదాకా పోయేసరికి వెనక ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. పిల్లల్ని ఒళ్లోంచి దించినవాళ్లున్నారు. వాళ్లకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. సింహాద్రమ్మ మైకు ముందుకెళ్లి, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని గణేశ్వరరావుగారి వైపు తిరిగి, కొండవాళ్ల మాటలోనే అంది.

"నానెక్కువ మాటాడ్లేనండి. సార్ కాడ నేర్సుకున్నదే సేస్తన్నాను. సార్, సింహాద్రమ్మని తీసీమని నాను సెప్పలేదు, తనంతట తనే ఎల్లిపోతానంది అని మీరే అందరికీ సెప్పినారు గదా. ఆ మాటే ఇంకోపాలి సెప్పి దీన్నార్పీండి. మీ కాళ్లకి దండం పెట్టి బస్సెక్కిపోతాను. మరింకెప్పుడూ నోరెత్తను."

గణేశ్వరరావుగారు ఒక్క క్షణం ఆమెను, ఒక్క క్షణం వెనక వరుసల్ని చూశారు. తర్వాత, ఆమె అనుకున్నట్టే, జీపులో నవ్విన నవ్వే నవ్వారు. "ఇంతేనా సింహాద్రమ్మా? దీనికోసమా ఇంత?" అని చొక్కా చెయ్యి పైకి మడిచి, గొంతు సవరించుకుని, సింహాద్రమ్మ తనంతట తనే అంటూ అరచెయ్యి మంట మీదకు చాపారు.

"వద్దండీ!" ఆ కేక మైకులో కూడా పడింది. వరలక్ష్మమ్మగారు రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి గుంజుతోంది, పట్టుచీర కొంగు మంటకు తగలబోతే కూడా చూసుకోలేదు. "వద్దు, వద్దు, అబద్ధం మీద వద్దండీ. ఇంట్లో పసివాడున్నాడు." ఆయన వదులు వరాలూ, పిచ్చిదానా, జనం చూస్తున్నారు అని పళ్ల బిగువున అంటున్నారు. ఆవిడ వదల్లేదు. ఆ చెయ్యి గుండెకు అదుముకుని అక్కడే, వేదిక మీద, కూలబడింది.

పిల్లర్ చాటు నుంచి సోమలమ్మ లేచి నిలబడింది. "అమ్మ తనంతట ఎల్లలేదర్రా" అంది పక్కవాళ్లతో, అందరికీ వినబడేలా. "ఎల్లగొట్టీసినారు." ఒక్కొక్కరే లేచారు. కొండ మీద తీర్పు అయిపోతే ఎవరూ తిట్టుకోరు, మాట్లాడరు, లేచి పోతారు. అలాగే పోతున్నారు, పులిహోర విస్తళ్ల పక్కనుంచి, పిల్లల్ని చంకనేసుకుని, పోతూ పోతూ ప్రతి ఒక్కరూ ఆమె కళ్లలోకి నేరుగా చూసి తల ఊపుతున్నారు. ఇన్ని రోజులుగా ఆమెకు కావలసింది అదే. వచ్చింది. గణేశ్వరరావుగారు మడిచిన చొక్కా చెయ్యి దించుకుంటున్నారు.

కింద నుంచి వరలక్ష్మమ్మగారు తల ఎత్తి ఆమెను చూసింది. కోపంగా కాదు. పనసతొనల గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పటి చూపే, కాకపోతే ఇప్పుడందులో అంతా తెలిసింది. ముందు వరుసలో ఉన్న తనను చూసి సింహాద్రి ఎందుకు నవ్విందో, పళ్ళెం ఎందుకు అడిగిందో, ఒట్టు ఎలా నిలబెట్టుకుందో. సింహాద్రమ్మకు జాలి వేసింది. ఆమె కూలబడ్డ మనిషిని లేపలేదు. కర్పూరం చివరి బిళ్ళ కూడా కాలి, తనంతట అది ఆరిపోయేదాకా పళ్ళెం దించకుండా పట్టుకునే ఉంది.